నాలుగింటికి ఆరే వెలుగు

వాన్ గో పొద్దుతిరుగుడు పూలను గోడలకీ నేలకీ పారించే ప్రదర్శనలంటే నాకు పెద్ద మోజు లేదు. పారిస్‌లో పాత పోత కర్మాగారంలో 2018లో తెరిచిన అతెలియే దే లుమియేర్ అనే అలాంటి ప్రదర్శనశాలకి జనం విరగబడ్డారు, నిజమే. కానీ ఆ గోడల మీద అసలు బొమ్మ ఉండదు. ప్రొజెక్టర్ సత్తా తెలియాలంటే హార్వర్డ్ సంగతి వినాలి. అక్కడి భోజనశాలలో 1964లో పెట్టిన మార్క్ రోత్కో చిత్రాలు ఐదూ ఎండకి వెలిసిపోయాయి. ఆయన వాడిన లిథాల్ రెడ్ అనే ఎరుపు వెలుతురుకి నిలవదు మరి. 1979కల్లా వాటిని దించి గోదాంలో పెట్టేశారు. పైన కొత్త రంగు పూస్తే అది రోత్కో బొమ్మ కాకుండా పోతుంది. అందుకని 2014 ప్రదర్శనకి నిపుణులు పాత ఫొటోలను సరిదిద్ది, ఏ చోట ఎంత రంగు తగ్గిందో లెక్కగట్టి, ఆ తగ్గినంత రంగునీ వెలుగు రూపంలో చుక్కచుక్కగా కాన్వాసు మీదే వేశారు. ఇరవై లక్షల పైచిలుకు చుక్కలు! బొమ్మని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. దీపం ఉన్నది బొమ్మను చూపించడానికేనని మన తోలుబొమ్మలాటవాళ్లకి ఎప్పుడో తెలుసు. లక్షలు పోసి ప్రొజెక్టర్లు కొనే మ్యూజియాలకే గుర్తుండదు. హార్వర్డ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే ఉంది. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆ వెలుగు ఆపేసేవారు, వెలిసిన బొమ్మని వెలిసినట్టే చూసుకోమని. నేనైతే మూడున్నరకే వెళ్లి నిలబడేవాణ్ని.