విండోస్ 10కు మద్దతు ఆగింది.. కోనసీమ ఇళ్లలో, దుకాణాల్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లను ఏం చేయాలి?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇస్తున్న ఉచిత మద్దతు ముగిసింది. సరిగ్గా రెండు వారాలకు, అక్టోబరు 28 రాత్రి, మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. ఈ రెండింటికీ సంబంధం లేదు. కానీ పాత ల్యాప్‌టాప్ మీద ఆధారపడిన కోనసీమ వాసులకు రెండూ ఒకే ప్రశ్న మిగిల్చాయి. ఈ యంత్రాన్ని, అందులో దాచుకున్న కాగితాలను ఎంతవరకు నమ్మొచ్చు?

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఇలాంటి ల్యాప్‌టాప్‌లు రకరకాలుగా ఇళ్లకు చేరతాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే పిల్లలు కొత్తది కొనుక్కుని పాతది ఇంటికి పంపుతారు. ఇంజినీరింగ్‌లో చేరిన అబ్బాయికి సెకండ్ హ్యాండ్‌ది కొంటారు. జిరాక్స్ దుకాణంలో ఎనిమిదేళ్ల కిందటిదే ఇంకా నడుస్తుంటుంది. ఈఏపీసెట్ దరఖాస్తు, అడంగల్, 1బీ నకలు, పాస్‌పోర్టు ఫారం, గల్ఫ్‌లో ఉన్నవారికి పంపాల్సిన స్కాన్ కాపీలు.. అన్నీ వాటిలోనే జరుగుతాయి. అందుకే ఇది ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ వార్తగా ఆగిపోదు. ప్రభుత్వ సేవలు అందుకునే ప్రతి ఇంటికీ సంబంధించిన విషయం.

మద్దతు ఆగడమంటే ల్యాప్‌టాప్ ఆగిపోతుందా?

ఆగదు. స్విచ్ వేస్తే ఎప్పటిలాగే తెరుచుకుంటుంది. ఆగేది మరమ్మతు. విండోస్‌లో కొత్తగా బయటపడే లోపాలను సరిచేసే అప్‌డేట్లు ఇక రావు. ఇంటికి తలుపులన్నీ ఉంటాయి, కానీ విరిగిన గడియను బాగుచేసేవారు ఉండరన్నమాట.

దీని ఫలితం మన రాష్ట్రం ఒకసారి చూసింది. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ప్రపంచవ్యాప్తంగా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, 2017 మార్చిలో విడుదల చేసింది. మందు ఉన్నా వేసుకోని యంత్రాలే ఎక్కువగా దెబ్బతిన్నాయి. మద్దతు ముగిసిన విండోస్‌కు ఆ మందే రాదు.

ఇంకేమైనా గడువు ఉందా?

ఉంది. ఇంట్లో వాడే విండోస్ 10 కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు అందించే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ చేసింది. అందులో చేరడానికి మూడు దారులున్నాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, విండోస్ బ్యాకప్ ద్వారా సెట్టింగ్స్‌ను ఆన్‌లైన్‌లో దాచుకుంటే ఉచితం. మైక్రోసాఫ్ట్ రివార్డ్స్‌లో 1,000 పాయింట్లు ఉంటే అవి చెల్లించవచ్చు. లేదంటే 30 డాలర్లకు సమానమైన మొత్తం ఒకసారి కట్టాలి.

ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 చివరి రూపమైన 22హెచ్2 ఉండాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ నొక్కితే ఏది ఉందో కనిపిస్తుంది. చేరే బటన్ ‘అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ’లోని విండోస్ అప్‌డేట్ పేజీలో ఉంటుంది.

వ్యాపార సంస్థలకు లెక్క వేరు. వాటికి మూడేళ్ల వరకు పొడిగింపు దొరుకుతుంది కానీ మొదటి ఏడాదికి ఒక్కో కంప్యూటర్‌కు 61 డాలర్లు కట్టాలి. ఆ మొత్తం ఏటా రెట్టింపవుతుంది. రెండు మూడు కంప్యూటర్లతో నడిచే చిన్న దుకాణానికి ఇది మోయలేని బరువే.

విండోస్ 7, 8.1 వాడుతున్నవారికి ఏ పొడిగింపూ లేదు. వాటి మద్దతు 2020 జనవరి, 2023 జనవరి నెలల్లోనే ముగిసింది. 2023 ఫిబ్రవరి నుంచి కొత్త క్రోమ్ బ్రౌజర్ కూడా వాటికి రావడం లేదు. కొన్ని వెబ్‌సైట్లు వాటిలో సరిగా తెరుచుకోకపోవడానికి ఇదొక కారణం.

నా ల్యాప్‌టాప్‌కు విండోస్ 11 వస్తుందా?

నాలుగు విషయాలు చూడాలి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, జాబితాలో ఉన్న ప్రాసెసర్. మొదటి రెండూ చాలా ల్యాప్‌టాప్‌లలో ఉంటాయి. చిక్కంతా చివరి రెండింటితోనే.

ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం నుంచి పనికొస్తాయి. అబౌట్ పేజీలో ప్రాసెసర్ పేరు చూడండి. ‘ఐ5-8250యూ’ అని ఉంటే గీత తర్వాతి 8 తరాన్ని చెబుతుంది. ‘ఐ5-7200యూ’ అయితే ఏడో తరం, విండోస్ 11కు అర్హత లేదు. టీపీఎం లేదని చూపిస్తే వెంటనే ఆశ వదులుకోవద్దు. కొన్నింటిలో అది ఉంటుంది కానీ బయోస్‌లో ఆపేసి ఉంటుంది. మెకానిక్‌తో ఆన్ చేయించవచ్చు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ యాప్ ఇవన్నీ ఒకేసారి చూసి చెబుతుంది.

అర్హత లేని యంత్రంలోనూ దొడ్డిదారిన విండోస్ 11 వేసిచ్చేవారున్నారు. అలాంటి వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. క్రాక్ చేసిన విండోస్ అయితే ఇంకా ప్రమాదం. లైసెన్స్ తాళం తీసే ఆ చిన్న ప్రోగ్రామే వైరస్‌ను వెంట తెస్తుంది. నిజానికి విండోస్ 10తో అమ్ముడైన ల్యాప్‌టాప్‌కు లైసెన్స్ మదర్‌బోర్డుతోనే ముడిపడి ఉంటుంది. అదే ఎడిషన్‌ను తిరిగి వేస్తే, ఇంటర్నెట్ కలపగానే అదే గుర్తిస్తుంది. క్రాక్ అవసరం లేదు.

అర్హత లేకపోతే పక్కన పడేయాలా?

అక్కర్లేదు. లినక్స్ ఉంది. ఉచితం, అప్‌డేట్లు వస్తాయి, పాత యంత్రాలపై తేలిగ్గా నడుస్తుంది. ఉదాహరణకు లినక్స్ మింట్ 22కు కనీసం 2 జీబీ ర్యామ్ చాలు, 4 జీబీ ఉంటే హాయిగా పనిచేస్తుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ల్యాప్‌టాప్‌లో ఏదీ మార్చకుండానే ముందు వాడి చూడవచ్చు. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయని తేలాకే లోపల వేసుకోవాలి.

ఇదేదో నిపుణుల వ్యవహారం కాదు. కేరళలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. అక్కడి ప్రభుత్వ సంస్థ కైట్ దాన్ని బడులకు తగ్గట్టు తయారుచేసి ఇస్తోంది. తెలుగులో స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌నే రూపొందించింది.

రెండు చిక్కులు మాత్రం ముందే తెలుసుకోవాలి. డిజిటల్ సంతకం టోకెన్, వేలిముద్ర యంత్రం లాంటి వాటి సాఫ్ట్‌వేర్ చాలావరకు విండోస్ కోసమే తయారవుతుంది. శుభలేఖలు, కరపత్రాలు చేసే డీటీపీ దుకాణాలు వాడే అను ఫాంట్లు కూడా అంతే. యూనికోడ్‌లో టైప్ చేసిన తెలుగుకు ఈ ఇబ్బంది లేదు, ఎక్కడైనా చదవవచ్చు.

ఏ పనికి ఏది?

అసలు నిర్ణయం ఇక్కడే ఉంది. ల్యాప్‌టాప్ ఎంత పాతదన్న దానికంటే దానితో ఏం చేస్తున్నారన్నదే ముఖ్యం.

పాఠాల వీడియోలు చూడటం, టైపింగ్ నేర్చుకోవడం, పద్దులు రాసుకోవడం లాంటి పనులైతే మద్దతు లేని విండోస్ కూడా ఇంటర్నెట్ కలపకుండా పనికొస్తుంది. తెచ్చే పెన్‌డ్రైవ్ విషయంలోనే జాగ్రత్త.

సొంత బ్యాంకు ఖాతా, ఆధార్, దరఖాస్తులు చూసుకునేదైతే పొడిగింపులో చేరిన విండోస్ 10 గానీ, విండోస్ 11 గానీ, లినక్స్ గానీ ఉండాలి.

పదిమంది ఆధార్, బ్యాంకు పుస్తకాలు, వేలిముద్రలు తీసుకునే దుకాణం, కేంద్రంలోనైతే మద్దతు లేని యంత్రం ఉండనే కూడదు. అక్కడ ఒక్క యంత్రం దెబ్బతింటే నష్టం యజమాని ఒక్కడితో పోదు.

ఖర్చు పెట్టాలనుకుంటే దేనికి పెట్టాలి?

ముందు ఎస్‌ఎస్‌డీకి. తిరిగే డిస్కు ఉన్న పాత ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికి నిమిషాలు తీసుకుంటే, ఎస్‌ఎస్‌డీ వేశాక అదే సెకన్లలో తెరుచుకుంటుంది. తర్వాత ర్యామ్ 8 జీబీకి పెంచడం. ర్యామ్ డీడీఆర్3నా, డీడీఆర్4నా అని చూసి కొనాలి, ఒకదాని బదులు మరొకటి పట్టదు. బ్యాటరీ ఉబ్బితే, అంటే టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపిస్తే, వెంటనే వాడకం ఆపాలి. దాన్ని గుచ్చకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు బిల్లు అడగండి. కంపెనీలు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో బయోస్ పాస్‌వర్డ్ ఉంటుంది. కొన్ని విండోస్ కొత్తగా వేయగానే పాత కంపెనీ ఖాతా అడుగుతాయి. అలాంటిది చేతికొస్తే డబ్బు పోయినట్టే. దుకాణంలోనే రీసెట్ చేయించి, మీ పేరుతో తెరిచాకే డబ్బు ఇవ్వండి.

కోనసీమలో అదనంగా చూడాల్సినవి

సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి పోర్టులు, స్క్రూలు తుప్పు పడతాయి. నెలల తరబడి మూసి పెట్టడం కంటే వారానికోసారి కాసేపు నడపడం మంచిది. తడిసిన ల్యాప్‌టాప్‌ను ‘పనిచేస్తుందో లేదో’ అని ఆన్ చేసి చూడకూడదు. చార్జర్ తీసేసి, ఆపేసి, మెకానిక్ విప్పి ఆరబెట్టేవరకు అలాగే ఉంచాలి.

బ్యాటరీ చచ్చిపోయి చార్జర్ మీదే నడిచేదైతే కరెంటు పోయిన క్షణమే ఆగిపోతుంది. రాస్తున్న ఫైలు పోతుంది, ఒక్కోసారి డిస్కు కూడా దెబ్బతింటుంది. తుపాను రోజుల్లో ఇది మామూలే.

2022 ఈ ప్రాంతానికి రెండు పాఠాలు నేర్పింది. మే 24న జిల్లా పేరు వివాదంలో అమలాపురంలో హింస జరిగాక చాలా రోజులు ఇంటర్నెట్ నిలిపేశారు. ఇంటి నుంచి పనిచేసే ఐటీ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ అందే చోట్లు వెతుక్కుంటూ వెళ్లారు. జులైలో గోదావరి వరద లంక గ్రామాలను ముంచింది. మొదటిది కాగితాలన్నీ ఆన్‌లైన్‌లోనే ఉంచితే ఏమవుతుందో చూపింది. రెండోది అన్నీ ఇంట్లోనే ఉంచితే ఏమవుతుందో చూపింది. అందుకే ముఖ్యమైన ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి ఉండాలి. డిజీలాకర్‌లో జారీ అయిన సర్టిఫికెట్లకు 2016 నిబంధనల ప్రకారం అసలు కాగితంతో సమానమైన విలువ ఉంది.

సొంత ల్యాప్‌టాప్ లేనివారు?

అన్నిటికీ ల్యాప్‌టాప్ అక్కర్లేదు. 2019 అక్టోబరు 2న కాకినాడ దగ్గరి కరపలో మొదలైన సచివాలయ వ్యవస్థలో దరఖాస్తులు తీసుకోవడానికే డిజిటల్ అసిస్టెంట్ ఉంటారు. 2025 జనవరి 30 నుంచి మన మిత్ర పేరిట 95523 00009 వాట్సాప్ నంబరులోనూ ప్రభుత్వ సేవలు అందుతున్నాయి.

బయట దుకాణంలో చేయించుకుంటే మూడు పనులు మరవద్దు. పాస్‌వర్డ్ మీరే టైప్ చేయండి, ‘సేవ్’ నొక్కనివ్వద్దు. ఆధార్ సంఖ్య మొత్తం అవసరం లేని చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. పని అయ్యాక డౌన్‌లోడ్స్‌లో, రీసైకిల్ బిన్‌లో, దుకాణం వాట్సాప్‌లో ఉన్న మీ ఫైళ్లు తీసేయమని అడగండి. మొహమాట పడాల్సిన పని లేదు. అది మీ కాగితం.

బాధ్యత ఎవరిది?

సేవలు ఆన్‌లైన్‌కు మారినప్పుడు కౌంటర్ ఖర్చు ప్రభుత్వానికి తగ్గింది. ఆ ఖర్చులో కొంత ల్యాప్‌టాప్ రూపంలో ఇంటికి, దుకాణానికి చేరింది. ఇప్పుడు ఒక విదేశీ కంపెనీ మద్దతు ఆపగానే ఆ భారం మళ్లీ పెరిగింది.

ప్రభుత్వం చేయగలిగినవి ఉన్నాయి. ప్రతి సేవా వెబ్‌సైటు ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనా, మామూలు ఫోన్‌లోనూ తెరుచుకునేలా చూడటం. వేలిముద్ర యంత్రాలకు, సంతకం టోకెన్లకు లినక్స్ సాఫ్ట్‌వేర్ కూడా ఉండాలని కొనుగోలు షరతుల్లోనే రాయడం. సేవా కేంద్రాల్లో ఏ విండోస్ నడుస్తోందో తనిఖీ చేసి, చిన్న నిర్వాహకులకు మారే దారి చూపడం. వీటికి కొత్త ల్యాప్‌టాప్‌లు పంచేంత డబ్బు అక్కర్లేదు.

మన చేతిలో ఉన్న పని అంతకంటే చిన్నది. 2026 అక్టోబరు 13 లోపు ఒకసారి అబౌట్ పేజీ తెరిచి, ప్రాసెసర్ పేరు చూసి, ఫైళ్లకు నకళ్లు తీసి, ఆ ల్యాప్‌టాప్‌కు తగిన పని ఏదో తేల్చుకోవాలి.