పిల్లల ఇంగ్లీషు గ్రామరుకు అమ్మ తెలుగే తాళంచెవి

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలున్న ఇళ్ళల్లో పరీక్షల ముందు ఈ ప్రశ్న తప్పకుండా వినబడుతుంది. "అమ్మా, ఇది నౌన్ క్లాజా, అడ్జెక్టివ్ క్లాజా, అడ్వర్బ్ క్లాజా?" మనలో చాలామంది "నాన్నగారు వచ్చాక అడుగు" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోతాం. అమ్మకు ఇంగ్లీషు రాదని పిల్లలు తేల్చేసుకునేది అక్కడే. ఆ తరువాత లెక్కలైనా, సైన్సైనా మన దగ్గరకు పుస్తకం తేవడం మానేస్తారు. పోయేది రెండు మార్కులే కాదు, చూశారా!

తెలుగు మీడియంలో చదివాం, మనవల్ల ఏమవుతుందని అనుకోకండి. ఈ పాఠానికి కావలసిన కీలకం మన తెలుగులోనే ఉంది.

ముందు క్లాజు అంటే ఏమిటో చూద్దాం. కర్త, క్రియ రెండూ ఉంటేనే అది క్లాజు. 'ఆఫ్టర్ లంచ్' అంటే అందులో క్రియ లేదు, కాబట్టి అది ఫ్రేజు. 'ఆఫ్టర్ వి హ్యాడ్ లంచ్' అంటే క్లాజు. అయితే అది ఒంటరిగా నిలబడదు. "మేము భోజనం చేశాక..." అని ఆపేస్తే ఎదుటివాళ్ళు "ఆఁ, చేశాక?" అని అడుగుతారు కదా! అలా ఇంకో వాక్యాన్ని ఆసరా చేసుకునేదే సబార్డినేట్ క్లాజు.

ఇక రకాలు మూడు. వాక్యాన్ని తెలుగులో చెప్పించి, ఈ ప్రశ్నలు వేయండి.

1. నౌన్ క్లాజు: "ఏమిటి?" అన్న ప్రశ్నకు జవాబు. 'ఐ నో దట్ షి ఈజ్ అన్‌వెల్'. ఆమెకు ఒంట్లో బాగాలేదని నాకు తెలుసు. ఏమిటి తెలుసు? బాగాలేదని. తెలుగులో చాలాసార్లు 'అని' వస్తుంది, లేదా 'వస్తాడో, రాడో' అన్నట్టు చివర 'ఓ' వస్తుంది.

2. అడ్జెక్టివ్ క్లాజు: "ఏ? ఎలాంటి?" అన్న ప్రశ్నకు జవాబు. 'ద శారీ దట్ యు గేవ్ మి ఈజ్ లవ్లీ'. నువ్విచ్చిన చీర బాగుంది. ఏ చీర? నువ్విచ్చిన చీర. మనకు వర్ణన ముందు, చీర తరువాత. ఇంగ్లీషులో చీర ముందు, వర్ణన తరువాత. అంతే తేడా.

3. అడ్వర్బ్ క్లాజు: "ఎప్పుడు? ఎక్కడ? ఎందుకు? ఎలా? ఏమయితే?" అన్నవాటికి జవాబు. తెలుగులో వచ్చినప్పుడు, వచ్చాక, వస్తే, వచ్చినా, వచ్చినందువల్ల అనే రూపాలు. 'ఇఫ్ ఇట్ రెయిన్స్, వి విల్ స్టే ఎట్ హోమ్'. వర్షం వస్తే ఇంట్లోనే ఉంటాం.

పిల్లలు పొరబడేది ఎక్కడంటే, మొదటి మాట చూసి రకం చెప్పేస్తారు. 'వెన్' కనబడితే చాలు, అడ్వర్బ్ అని రాసేస్తారు. ఈ మూడూ చూడండి.

'ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్'. ఆయన ఎప్పుడు వస్తారో తెలియదు. ఏమిటి తెలియదు? నౌన్ క్లాజు.

'ఐ రిమెంబర్ ద డే వెన్ హి కేమ్'. ఆయన వచ్చిన రోజు గుర్తుంది. ఏ రోజు? అడ్జెక్టివ్ క్లాజు.

'ఐ వాజ్ కుకింగ్ వెన్ హి కేమ్'. ఆయన వచ్చినప్పుడు వంట చేస్తున్నాను. ఎప్పుడు? అడ్వర్బ్ క్లాజు.

ఇంగ్లీషులో మూడుచోట్లా ఒకే 'వెన్'. తెలుగులో మాత్రం వస్తారో, వచ్చిన, వచ్చినప్పుడు అని మూడు వేరువేరుగా పలుకుతున్నాయి. అందుకే మన భాష ఇక్కడ ఎంతో సాయం చేస్తుంది.

ఒక జాగ్రత్త. 'అని' వినబడగానే నౌన్ క్లాజని తొందరపడకండి. "పాసవ్వాలని కష్టపడి చదువుతున్నాడు" అన్నప్పుడు "ఎందుకు?" అని అడగాలి. కాబట్టి ఇంగ్లీషులో 'సో దట్ హి మే పాస్' అనేది అడ్వర్బ్ క్లాజు. తెలుగు రూపం దారి చూపిస్తుంది, తీర్పు చెప్పేది మాత్రం ప్రశ్నే.

ఇంకో చిక్కు, మంచి విద్యార్థులు కూడా తడబడేది. 'ద న్యూస్ దట్ హి బ్రాట్' అంటే వాడు తెచ్చిన వార్త. ఏ వార్త? అడ్జెక్టివ్. 'ద న్యూస్ దట్ హి పాస్‌డ్' అంటే వాడు పాసయ్యాడన్న వార్త. ఆ వార్త ఏమిటి? పాసయ్యాడని. ఇది నౌన్ క్లాజు. మొదటిదాంట్లో 'దట్' తీసి 'విచ్' పెట్టవచ్చు, రెండోదాంట్లో కుదరదు.

ఇవాళ కూరలు తరుగుతూ పిల్లలచేత ఈ మూడూ చెప్పించండి.

1. టెల్ మి వేర్ యు కెప్ట్ ద కీస్.
2. దిస్ ఈజ్ ద షాప్ వేర్ వి బై రైస్.
3. సిట్ వేర్ ఐ కెన్ సీ యు.

జవాబులు: 1. ఎక్కడ పెట్టావో చెప్పు. ఏమిటి చెప్పాలి? నౌన్. 2. బియ్యం కొనే దుకాణం. ఏ దుకాణం? అడ్జెక్టివ్. 3. నాకు కనబడేచోట కూర్చో. ఎక్కడ కూర్చోవాలి? అడ్వర్బ్. మూడోదాంట్లో 'వేర్' కు ముందు నామవాచకం లేదని కూడా చూపించండి.

పేర్లన్నీ మీరు బట్టీపట్టనక్కరలేదు. వాక్యం పిల్లలు చదవాలి, తెలుగు వాళ్ళే చెప్పాలి. "ఏమిటి? ఏది? ఎప్పుడు?" అని అడగడం మాత్రం మీ వంతు. నాలుగు రోజులు ఇలా చేయండి. ఐదోరోజు పుస్తకం తీసుకుని వాళ్ళే మీ దగ్గరకొస్తారు.