అద్దె ఇల్లు – సమాజ శ్రేయస్సు

కూడు, గుడ్డ, గూడు మానవుని కనీసావసరాలు. మొదటి రెండింటిపై సమాజం చూపిన శ్రద్ధ మూడవదానిపై చూపలేదు. చూపిన కొద్దిపాటి శ్రద్ధయు సొంత ఇంటికే పరిమితమైంది. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్న సామెత గృహనిర్మాణంలోని కష్టాన్ని తెలుపుతుంది. ఆ భారాన్ని మోయలేనివారు, పొట్ట చేతపట్టుకొని నగరానికి వచ్చినవారు ఎక్కడ తలదాచుకోవాలి? వారి ఆదాయానికి తగిన అద్దె ఇల్లే ఈ ప్రశ్నకు సమాధానం.

భారతదేశంలో ఒక వైపరీత్యం కనిపిస్తుంది. 2011 జనగణన ప్రకారం పట్టణాలలో సుమారు 1.11 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. మరుసటి ఏడు కేంద్రప్రభుత్వ సాంకేతిక బృందం పట్టణాలలో దాదాపు 1.88 కోట్ల ఇళ్ల కొరత ఉన్నదని అంచనా వేసింది. ఆ కొరతలో దాదాపు 95 శాతం పేద, అల్పాదాయ వర్గాలదే. అనగా కట్టిన ఇళ్లు లేకపోవడం కంటె, పేదవాడు భరించగల ఇళ్లు లేకపోవడమే అసలు సమస్య. 2020లో కరోనా వేళ పనులు ఆగిపోగా, అద్దె చెల్లించలేని వలసకూలీలు వందల మైళ్లు కాలినడకన స్వగ్రామాలకు మరలిన దృశ్యం దీనికి సాక్ష్యం. ఆ ఏడాది జూలైలోనే కేంద్రం అందుబాటు అద్దె గృహ సముదాయాల పథకాన్ని ఆమోదించింది.

ఇట్టి ఇళ్లపై వెచ్చించిన ధనం అద్దెదారునికే కాక ఊరంతటికీ మేలు చేస్తుంది. పనిచేసే చోటికి దగ్గరలో ఇల్లుంటే కూలికి ప్రయాణపు ఖర్చు, కాలము మిగులుతాయి. మిగిలిన రూపాయి వీధి చివరి దుకాణానికి, పిల్లల చదువుకు చేరుతుంది. ఏటేటా ఇల్లు మారనక్కరలేని కుటుంబంలోని బిడ్డ ఏటేటా బడి మారనక్కరలేదు. గాలి, వెలుతురు లేని ఇరుకు గదులలో క్షయ సులభంగా వ్యాపిస్తుంది. ఆ వ్యాధికి పేద, ధనిక భేదం లేదు.

ఆస్ట్రియా రాజధాని వియన్నా ఈ సత్యాన్ని ముందే గ్రహించింది. మొదటి ప్రపంచయుద్ధానంతరం తీవ్రమైన ఇళ్ల కొరతను ఎదుర్కొన్న ఆ నగరం 1923లో గృహనిర్మాణ పన్ను విధించింది. విలాసభవనాలపై ఎక్కువ, చిన్న ఇళ్లపై తక్కువ పన్ను వేసి, 1934 నాటికి అరవై వేలకు పైగా ఇళ్లను నిర్మించింది. 1930లో ప్రారంభమైన కార్ల్ మార్క్స్ హోఫ్ అనే సముదాయంలో 1,382 ఇళ్లతోపాటు శిశువిహారాలు, గ్రంథాలయం, స్నానశాలలు, బట్టలుతికే శాలలు ఏర్పడ్డాయి. నేటికీ ఆ నగరపాలక సంస్థకు దాదాపు 2.2 లక్షల అద్దె ఇళ్లున్నాయి. తెలుగు నేలకూ ఈ ఆలోచన కొత్తది కాదు. 1908 మూసీ వరదల అనంతరం, 1912లో ఏర్పడిన హైదరాబాదు నగరాభివృద్ధి మండలి మురికివాడల స్థానంలో ఆరోగ్యకరమైన ఇళ్లను నిర్మించింది.

ప్రభుత్వం కట్టిన ఇళ్లు పాడుబడతాయని కొందరి ఆక్షేపణ. అది నిరాధారం కాదు. ఉపాధికి దూరంగా, నీటివసతి లేక కట్టిన ఇళ్లలో ఎవరూ నివసింపరు. కనుక స్థలనిర్ణయంలో వివేకం, వచ్చిన అద్దెలో కొంత మరమ్మతులకు కేటాయించే నియమం అవసరం. అద్దెదారునికి, యజమానికి నడుమ నమ్మకమూ కావాలి. నివాసగృహానికి ముందస్తు ధరావతు రెండు నెలల అద్దెకు మించరాదని 2021 నమూనా అద్దె చట్టం సూచించింది. రాష్ట్రాలు చట్టం చేసినప్పుడే ఆ సూచన సఫలమవుతుంది.

నగరాన్ని నిర్మించే చేతులకు ఆ నగరంలో నీడ లేకపోవడం అన్యాయం. సొంత ఇల్లు కొందరి స్వప్నం కావచ్చు. గౌరవంగా బ్రతకగల అద్దె ఇల్లు అందరి హక్కు కావాలి.