పెట్టుబడికి ముందు పద్దు

ప్రతి సంవత్సరము పరీక్షా ఫలితములు వెలువడిన పిమ్మట మన కుటుంబముల పెద్దలు మా యొద్దకు వచ్చి అడుగు ప్రశ్న ఒక్కటియే: "పిల్లవానికి హోసూరులోనో బెంగుళూరులోనో ఏదైన ఉద్యోగము దొరకునా?" "ఇక్కడనే వ్యాపారము పెట్టించెదము, మార్గము చెప్పుడు" అని అడుగువారు అరుదు. తరతరములుగా అంగళ్లు నడపి ఈ ధర్మపురిలో నిలద్రొక్కుకొనిన మనవారికే వ్యాపారమనిన భయము కలుగుట విచారకరము. అయితే ఆ భయము నిష్కారణమని మేము చెప్పజాలము. ఇల్లు తాకట్టు పెట్టి కుమారునిచేత అంగడి తెరిపించి, కొలదికాలములోనే ఇంటిని, అంగడిని గూడ పోగొట్టుకొనిన కుటుంబములు మనయందు లేకపోలేదు.

ఇట్టి నష్టములకు పెట్టుబడి చాలకపోవుటయే కారణమని సామాన్యముగా చెప్పుకొందురు. మా అనుభవము వేరు. మేము ఇరువది రెండవ యేట చింతపండు టోకు వ్యాపారము ఆరంభించితిమి. గల్లాపెట్టెలో కనబడిన రొక్కమంతయు లాభమే యని తలచి ఇంటి ఖర్చులకు తీసితిమి. అరువు పద్దులు కాగితపు ముక్కలపై వ్రాసితిమి. మూడవ యేట సరుకు శీతల గిడ్డంగిలో నుండగా ధర పడిపోయినది. అద్దెకును వడ్డీకిని చేతిలో రొక్కము లేకపోయినది. అప్పుడు కూర్చుండి లెక్క చూడగా, ధర పడుటకు ఎంతో ముందే, మొదటి సంవత్సరము నుండియే, మేము అసలు తినుచుంటిమని తేలినది. మా తాతగారు ప్రతి రాత్రి చిట్టా వ్రాసి ఆవర్జాలోనికి ఎక్కించిన పిమ్మట గాని భోజనమునకు లేచెడివారు కారు. ఆ పుస్తకములు మా ఇంటనే యుండెను. మేము తెరచి చూడలేదు. తప్పు మాది, ఇంకెవరిదియు కాదు.

కావున ఒకమారు నష్టపడిన యువకుని పనికిరానివానిగా ఎంచరాదు. కోయంబత్తూరు ప్రాంతపు తెలుగువారగు జి. డి. నాయుడుగారి (1893–1974) జీవితమును తలచుకొనుడు. ఆయన హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో మోటారు సైకిలు కొని, దానిని విప్పి, మరల బిగించి యంత్రముల మర్మము నేర్చిరి. పిదప ప్రత్తి వ్యాపారమున ఆర్జించినదానిని బొంబాయిలో పోగొట్టుకొనిరి. అంతటితో ఆగక, 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి–పళని మార్గమున రవాణా ఆరంభించి, తామే నడపిరి. ఆ ఒక్క బస్సు కాలక్రమమున పెద్ద రవాణా సంస్థగా పెరిగినది. సొమ్ము కంటె ముందు పని నేర్చుట, పెద్దది తలపెట్టక ఒక్కదానితో మొదలుపెట్టుట, నష్టము వచ్చినను వెనుదీయకుండుట: ఆయన విజయమునకు ఈ మూడును పునాదులు.

మన యూరిలో ఏమి పెట్టవలెనని యువకులు అడుగవచ్చును. పాలక్కోడు టమాటా, ఈ ప్రాంతపు మామిడి, చింతపండు, రాగి, ఇవి యన్నియు మన కన్నుల ఎదుట పండుచున్నవి. టమాటా ధర పడినప్పుడు కోత కూలి గూడ రాదని రైతు కాయలను పారవేయుట మనమెరుగుదుము. పండినది పండినట్లే లారీకెక్కించి పంపువారు అనేకులు గలరు. దానిని శుభ్రపరచి, గింజ తీసి, పిండియో గుజ్జో చేసి, డబ్బాలో నింపి అమ్మువారికి ఇంకను చోటు గలదు. పైగా మన పిల్లలకు ఇంట తెలుగు, అంగడిలో తమిళము వచ్చును. సరిహద్దు చేరువనే కావున కొంచెము పాటుపడిన కన్నడమును పట్టుబడును. మదనపల్లె, సేలము, బెంగుళూరు బజారులలో తామే బేరమాడగల ఈ సామర్థ్యము ఏ బ్యాంకును ఇయ్యజాలని మూలధనము.

ప్రభుత్వ సహాయమును గురించి ఒక హెచ్చరిక. 2008లో ఏర్పడిన ప్రధానమంత్రి ఉపాధి కల్పనా పథకమున సామాన్య వర్గమువారు పెట్టుబడిలో నూటికి పది వంతులు, స్త్రీలు మొదలగువారు అయిదు వంతులు స్వంతముగా పెట్టవలెనను నియమము గలదు. సబ్సిడీ సొమ్ము చేతికి ఇయ్యబడదు. అది మూడేండ్లు బ్యాంకులో నిలిచి, తరువాత అప్పులో చెల్లగును. దానిని బహుమానమని భ్రమించి ఖర్చులు పెంచుకొనినవారు చిక్కులపాలగుదురు. ప్రస్తుత నిబంధనలను జిల్లా పరిశ్రమల కేంద్రమున స్వయముగా విచారింపుడు. 2020లో ఏర్పడిన ఉద్యమ్ నమోదునకు రుసుము లేదు. దళారికి సొమ్మిచ్చి మోసపోకుడు. నమోదు పొందిన చిన్న తయారీదారునకు కొనుగోలుదారుడు నలువదియైదు దినములు మించకుండ సొమ్ము చెల్లింపవలెనని 2006 నాటి చట్టము చెప్పుచున్నది. అయితే ఏనాడు ఎంత సరుకు ఇచ్చితిరో పద్దు లేనిచో ఆ హక్కును నిరూపించుట ఎట్లు?

పెద్దలకు మా మనవి ఇది. కుమారునైనను కుమార్తెనైనను ముందుగా ఒక సంవత్సరము పరుల అంగడిలో పనికి కుదుర్పుడు. తండ్రి అంగడిలో యజమాని బిడ్డకు మందలింపు దొరకదు. పిదప మీరిచ్చు పెట్టుబడిని అప్పుగనే వ్రాసి, గడువు పెట్టుడు. ఇంటిని మాత్రము తాకట్టు పెట్టకుడు. పోయినను కుటుంబము తట్టుకొనగల మొత్తమునే ఇండు.

యువకులకు చెప్పవలసినది ఒక్కటియే. చిట్టాను కాగితముపై వ్రాసినను సెల్‌ఫోనులో వ్రాసినను భేదము లేదు. నాటి పద్దు నాడే వ్రాయవలెను. ఇంటి ఖర్చునకు నెలకింతయని జీతముగా తీసికొనవలెను. మన సంఘమున ముప్పదేండ్లుగా అంగడి నడపుచున్న వర్తకులు అనేకులు గలరు. వారిలో ప్రతి యొక్కరు ఈ సంవత్సరము ఒక్క యువకుని గాని యువతిని గాని చెంత కూర్చుండబెట్టుకొని తమ ఆవర్జా తెరచి చూపుదురు గాక. మాది తెరచియే యున్నది, నష్టపు పుటలతో సహా.