కారు గౌరవమా? సైకిలు అగౌరవమా?

గత మాఘమాసమున మా కుమార్తెను జూచుటకై పెండ్లివారు వచ్చిరి. చదువులు కుదిరినవి, మర్యాదలు కుదిరినవి. తుదకు వరుని మేనమామగారు వాకిటివంక జూచి, "కారెక్కడ నుంచినారు, బావగారూ?" అని యడిగిరి. మాకు కారు లేదని చెప్పి, గోడకు జేరవేసియున్న మూడు సైకిళ్లను జూపితిని. ఆయన నవ్వి, "మీకు లేకున్న నేమి, అల్లునికైన నొకటి యిత్తురు గదా!" అనిరి. కాఫీ గ్లాసులు దీసికొని లోపలికి బోయిన మా యమ్మాయి మరల రాలేదు. సంబంధము తప్పినది. అందుకు మే మెవ్వరమును వగవలేదు గాని, ఆ ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు.

కట్నము పుచ్చుకొనుట నేరమని 1961వ సంవత్సరముననే శాసనము పుట్టినది. రొక్కమడుగుటకు సిగ్గుపడు పెద్దమనుష్యులు నేడు కారు నడుగుచున్నారు. దానికి కానుక యని పేరు. ఆడపిల్ల తండ్రి అప్పు పత్రముపై వ్రాలుచేయును. ఆ కారు పెండ్లికొడుకు వాకిట పూలమాలతో నిలుచును. ఈ దురాచారమునకు మూలమెచ్చట? కారున్నవాడు ఉన్నవాడు, సైకిలెక్కువాడు లేనివాడు అను మన భ్రాంతియందే యున్నది. ఆ భ్రాంతిని పోషించుచు కట్నమును మాత్రము నిందించుట, వేరునకు నీరుపోసి కొమ్మలు నఱకుటయే యగును.

చదువరులారా, ఒక్కమారు మీ యింటి పనులను లెక్కించి చూడుడు. పాలు, కూరగాయలు, పిండిమర, మందుల కొట్టు, బ్యాంకు, పిల్లల బడి: వీనిలో మీ గడపకు మూడు కిలోమీటర్లు మించి దూరమున నున్న వెన్ని? మాది కాకినాడ. నేల సమతలము, వీధులు చాలవఱకు తిన్ననివి. నా భార్య తెల్లవారగనే హ్యాండిలుకు రెండు సంచులు తగిలించుకొని రైతుబజారునకు బోయి వచ్చును. పదికిలోల బియ్యపుమూట వెనుక క్యారియరుపై తాడుతో గట్టిన గదలదు. పంక్చరు పడిన, వీధి మొగనున్న కొట్టువాడు నీళ్లపళ్లెములో ట్యూబు ముంచి, బుడగ వచ్చుచోట అతుకు వేసి పంపును. పావుకిలో పచ్చిమిరపకాయలకై ఇంచుమించు ఒక టన్ను యినుమును వెంట నీడ్చుకొనిపోయి, దానిని నిలుపుటకు చోటులేక బజారుచుట్టు ప్రదక్షిణములు చేయువారిని జూచి మేము జాలిపడుచుందుము.

వాన వచ్చిన నేమి చేయుదురు, ముసలివారిని వైద్యునికడకు నెట్లు కొనిపోవుదురు అని యడుగుదురు. ఆటో పిలుతుము, బస్సెక్కుదుము. మా తల్లిగారికి ఎనుబదియేండ్లు దాటినవి. ఆమెను సైకిలుపై నెక్కింపవలెనని మా మతము కాదు. ఏడాది పొడుగునను మేమాటోల కిచ్చునది, మా పొరుగువారు కారు భీమాకును మరమ్మతులకును ఇచ్చుదానిని మించలేదు. ఎండలందురా? వైశాఖమున పది గంటల తరువాత మేమును గడప దాటము. ఆ యెండలోనే సైకిలుపై పనికిబోవు తాపీపనివానిని జూచినప్పుడు మాత్రము ఈ యాక్షేపణ యెవ్వరికిని జ్ఞప్తికి రాదు!

స్త్రీల విషయమున సైకిలు చేసిన మేలు వేఱుగ జెప్పవలసియున్నది. తమిళనాట పుదుక్కోట్టై జిల్లాలో 1990 తరువాతి సంవత్సరములందు అక్షరాస్యతా ఉద్యమముతోబాటు వేలకొలది గ్రామస్త్రీలు సైకిలు నేర్చిరి. నీళ్లబిందెలును, పిల్లలును, సరకులును సైకిలెక్కినవి. బస్సుకొఱకో, మగవానికొఱకో వేచియుండుట తగ్గినది. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లకై ధనమిచ్చు పథకము పెట్టినది. దానిని పరిశోధించిన ఆర్థికశాస్త్రజ్ఞులు, ఉన్నతపాఠశాలలలో బాలికల చేరిక 32 శాతము హెచ్చినదనియు, బాలురతో వారికి గల యంతరము 40 శాతము తగ్గినదనియు తేల్చిరి. కారు కొనిపెట్టిన తండ్రి కూతును మరియొకని కడగంపెట్టును. సైకిలిచ్చిన తండ్రి యామెకు దారి నిచ్చును.

ఇక నపాయమను మాట. ఇది త్రోసివేయదగినది కాదు. 2022లో మన దేశపు రోడ్లపై లక్షా అరువదియెనిమిది వేలమందికి మించి మరణించిరి; అందు కాలినడకనున్నవారే ముప్పదిరెండు వేలకు మించిరి. అయిన నీ యపాయము నెవరు కల్పించుచున్నారు? కలకత్తా పోలీసులు 2013లో 174 వీధులలో సైకిళ్లను నిషేధించిరి. దొంగకు నట్టిల్లు విడిచి, యింటివారిని వీధిలో బరుండబెట్టుట యిదియే గదా!

హాలెండు దేశమును జూడుడు. 1971లో అచట మూడువేలకు పైగా జనులు రోడ్లపై మృతినొందిరి; వారిలో నాలుగువందలకు మించి పిల్లలే. తల్లిదండ్రులు వీధులకెక్కి, శిశుహత్య నాపుడని ఘోషించిరి. 1973లో చమురుకఱవు వచ్చి, ఆదివారములందు కార్లు నిలిచిపోయినవి. నిశ్శబ్దమైన వీధులను జనులు కన్నులార జూచిరి. తరువాత ప్రభుత్వము వేఱుబాటలు వేయసాగినది. నేడచట ప్రయాణములలో నాలుగవవంతు సైకిలుపైననే జరుగుచున్నవి. అది పుట్టుకతో వచ్చిన గుణము కాదు. పోరాడి తెచ్చుకొన్న మార్పు.

మన హైదరాబాదునను 2023లో ఔటరు రింగు రోడ్డు ప్రక్కన 23 కిలోమీటర్ల బాట వేసి, దానిపై సూర్యశక్తి పలకలతో కప్పు వేసిరి. వ్యాయామమునకు మంచిదే. కాని పెరుగు కొనువాడును, బడికిబోవు పిల్లయు నచటి కేల పోవుదురు? వారికి గావలసిన బాట వారి వీధిలో నుండవలెను. ఇరువది కిలోమీటర్ల దూరమున నుద్యోగము గలవానిని నేను నిందింపను. వానికి బస్సును రైలును గావలెను. రోడ్లు మనుష్యుల రాకపోకలకు గాని, వాహనముల రాకపోకలకు గాదని 2006నాటి జాతీయ నగర రవాణా విధానమే చెప్పినది. చెప్పినది చేయు మనుటయే మన మడుగవలసినది.

సోదరసోదరీమణులారా! కార్లన్నిటిని తగులబెట్టుడని నేను కోరను. ఈ వారము మొదలు, మూడు కిలోమీటర్లలోపు పనికి కారు దీయమని నియమము పెట్టుకొనుడు. కొమార్తెకు సైకిలు నేర్పుడు. బజారువద్ద సైకిలు స్టాండును, కాలిబాటపై నీడయు గావలెనని మీ వార్డు సభ్యుని నిలదీయుడు. అన్నిటికన్న ముందు, కొడుకు పెండ్లికి కారు పుచ్చుకొనమని యింటిల్లిపాదియు నొకమాటపై నిలువుడు.

మా యమ్మాయి యిప్పు డుద్యోగమునకు సైకిలుపైననే పోవుచున్నది. ఇకమీద నామెను జూడవచ్చువారు వాకిట నున్న మూడు సైకిళ్లను ముందుగ జూచి, అవి సమ్మతమైనచో లోపలికి దయచేయవలెనని మనవి.