తప్పిపోయిన ఆ ఒక్కరి కోసం...

నూరు గొర్రెలున్న కాపరి ఒకడు మందను లెక్కపెట్టుకున్నాడు. ఒకటి తక్కువైంది. తొంభైతొమ్మిదింటిని విడిచి ఆ ఒక్కదాని కోసం బయలుదేరాడు. దొరికేదాకా వెతికాడు. దొరికాక కొట్టలేదు, తిట్టలేదు. భుజాల మీద వేసుకుని సంతోషంతో ఇంటికి తెచ్చాడు. యేసుప్రభువు చెప్పిన ఈ ఉపమానం (లూకా 15) తెలియని సండేస్కూలు పిల్లలుండరు. అయితే ఇందులో మనం అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ గొర్రె కొత్తది కాదు, మందలోదే. కాపరికి దాని లెక్క తెలుసు కనుకనే అది లేని లోటు తెలిసింది. లెక్క లేని చోట తప్పిపోయినవారి కోసం వెతకడం కూడా ఉండదు.

ఇలాంటి లెక్కే విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రిలోని ఏఆర్‌టీ కేంద్రంలోనూ జరుగుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవారికి ఉచితంగా మందులిచ్చే కేంద్రమది. గడువు ప్రకారం మందులకు రావలసినవారెవరో, వచ్చినవారెవరో అక్కడి సిబ్బంది చూసుకుంటారు. రానివారికి ఫోను చేస్తారు. అప్పటికీ రాకపోతే మనిషిని పంపి వెతికిస్తారు. చిరునామా మారి, ఫోను పనిచేయక కొందరు దొరకనే దొరకరు. వారు చికిత్సకు దూరమైనవారి జాబితాలో చేరిపోతారు. ఆ జాబితాలో మన సంఘాల వారు లేరని ఏ కాపరీ ధైర్యంగా చెప్పలేడు.

ఎయిడ్స్ అంటే మరణమే అనుకున్న రోజులు మనకింకా గుర్తున్నాయి. దేశంలో మొదటి కేసులు 1986లో మద్రాసులో బయటపడ్డాయి. ఆ తర్వాత కోస్తా ఆంధ్రలో ఈ జబ్బు ఎన్ని ఇళ్లలో దీపాలార్పిందో సమాధి కూడికలు నడిపిన పాస్టర్లకు తెలుసు. 2004 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులివ్వడం మొదలుపెట్టింది. 2017 నుంచి హెచ్‌ఐవీ ఉందని తేలిన ప్రతివారికీ, జబ్బు ఏ దశలో ఉన్నా, వెంటనే మందులివ్వాలని నిర్ణయించింది. ఈనాడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర చాలు. దానిని మానకుండా వేసుకుంటే వైరస్ రక్త పరీక్షలో కనిపించనంత తగ్గిపోతుంది. ఆ స్థితిలో ఉన్నవారి నుంచి భార్యకు గాని భర్తకు గాని శారీరక సంబంధం వల్ల అది సోకదు. తల్లి సకాలంలో మందులు వాడితే బిడ్డ కూడా ఆ జబ్బు లేకుండా పుట్టే అవకాశమే ఎక్కువ.

ఇంత మేలు ఒక చిన్న మాత్రలో ఉంది. కానీ దానిని జీవితాంతం వేసుకోవాలి. కష్టమంతా అక్కడే ఉంది.

2023 అంచనాల ప్రకారం మన దేశంలో 25 లక్షల మందికి పైగా హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. వారిలో మూడు లక్షలకు పైగా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నారు. పోర్టు, స్టీల్‌ప్లాంటు, ఫిషింగ్ హార్బరు, రైల్వేలు, లారీలు ఉన్న విశాఖ వంటి నగరంలో మనుషులు ఒకచోట నిలవరు. ఓడ ఎక్కినవాడు నెలల తరబడి తిరిగిరాడు. లారీ డ్రైవరుకు ఆసుపత్రి తేదీ గుర్తున్నా ఆ రోజుకు ఏ రాష్ట్రంలో ఉంటాడో తెలియదు. షిఫ్టుల్లో కాంట్రాక్టు పని చేసేవాడు సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుంది. పాడేరు వైపు నుంచో శ్రీకాకుళం వైపు నుంచో వచ్చి ఇళ్లలో పనిచేసుకునే విధవరాలికి బస్సు చార్జీ కూడా భారమే. వీటన్నిటికంటే పెద్దది భయం. ఆసుపత్రి వరండాలో మన చర్చివారెవరైనా చూస్తే ఏమనుకుంటారో అన్న భయంతో వెనుదిరిగేవారున్నారు. ఒంట్లో బాగానే ఉంది కదా, ఇంకెందుకని మానేసేవారూ ఉన్నారు.

మందు మానేస్తే మొదట ఏమీ తెలియదు. అదే ప్రమాదం. వైరస్ మళ్లీ పెరుగుతుంది, రోగనిరోధక శక్తి తరుగుతుంది. క్షయవంటి జబ్బులు వచ్చి పడతాయి. వేసుకుంటూ మానుతూ ఉంటే పాత మందు పనిచేయకుండా పోవచ్చు. అందుకే పరీక్ష చేయించడం పనిలో సగం మాత్రమే. ఆ మనిషిని చికిత్సలో నిలబెట్టడం మిగతా సగం.

ఇక్కడ ఒక చేదు మాట చెప్పుకోక తప్పదు. కొన్ని స్వస్థత కూటాల్లో 'నీకు స్వస్థత కలిగింది, మాత్రలు మానేయి' అని చెబుతున్నారు. మాత్రలు మానేయడమే విశ్వాసానికి గుర్తన్నట్టు సాక్ష్యాలు చెప్పిస్తున్నారు. దేవుడు స్వస్థపరచగలడని మనం నమ్ముతాము. ఆ నమ్మకాన్ని ఎవరూ ప్రశ్నించడం లేదు. కానీ ప్రభువు స్వయంగా ఏం చేశాడో చూడండి. కుష్ఠరోగిని ముట్టి బాగుచేశాడు. వెంటనే వెళ్లి యాజకునికి కనుపరచుకొమ్మన్నాడు (లూకా 5). ధర్మశాస్త్రం ప్రకారం ఆ రోజుల్లో కుష్ఠు పోయిందో లేదో పరీక్షించి చెప్పవలసినవాడు యాజకుడే. స్వస్థత నిజమైతే పరీక్షకు భయపడదు. పరీక్షకు పంపడానికి ప్రభువే వెనుకాడనప్పుడు, డాక్టరు మాట వినకుండానే మందు మానమని చెప్పే అధికారం మనకెక్కడిది?

నయమాను సంగతి కూడా ఆలోచించండి (2 రాజులు 5). ప్రవక్త బయటికి వచ్చి చేయి ఆడించి గొప్ప అద్భుతం చేస్తాడని ఆ సైన్యాధిపతి ఎదురుచూశాడు. ఎలీషా మాత్రం యొర్దానులో ఏడుసార్లు మునగమని కబురు పంపాడు. ఇంత చిన్న పనా అని నయమానుకు కోపం వచ్చింది. చివరికి అతన్ని ఒప్పించింది వెంట ఉన్న పనివారే. ఆరుసార్లు మునిగి ఒడ్డుకు వచ్చేసి ఉంటే అతని సంగతి ఏమయ్యేదో! రోజూ అదే గంటకు అదే మాత్ర వేసుకోవడంలో గొప్ప అద్భుతమేమీ కనిపించదు. కానీ దేవుడు ఆ చిన్న విధేయత ద్వారా కూడా జీవమిస్తాడు. నయమానుకు ఉన్నట్టు, 'అయ్యా, ఇంకొక్కసారి' అని చెప్పే మనిషి పక్కనుండాలి.

ఆఫ్రికా దేశాల సంఘాలు ఈ పాఠాన్ని మనకంటే ముందు, మనకంటే ఎక్కువ కన్నీటితో నేర్చుకున్నాయి. ఉగాండాలో ఆంగ్లికన్ గురువు గిడియన్ బ్యాముగీషా భార్య 1991లో మరణించింది. తరువాత పరీక్ష చేయించుకుంటే ఆయనకు హెచ్‌ఐవీ ఉందని తేలింది. 1992లో ఆయన ఆ సంగతి బహిరంగంగా చెప్పారు. ఒక మతనాయకుడు అలా చెప్పడం ఆఫ్రికాలో అదే మొదటిసారి. సంఘం ఆయనను వెళ్లగొట్టలేదు. ఆయన దశాబ్దాలపాటు పరిచర్య చేశారు. ఒక గురువు నోరు తెరిస్తే ఎందరో విశ్వాసులకు పరీక్షకు వెళ్లే ధైర్యం కలుగుతుంది.

మొజాంబిక్‌లోని టెటె ప్రాంతంలో మందుల కోసం చాలా దూరం నడవవలసి వచ్చేది. 2008లో అక్కడ ఆరుగురు వరకు రోగులను ఒక గుంపుగా చేర్చడం మొదలుపెట్టారు. నెలకొకరు వంతు ప్రకారం ఆసుపత్రికి వెళ్లి అందరి మందులూ తెస్తారు. ఒకరు మాత్ర వేసుకున్నారో లేదో మరొకరు కనుక్కుంటారు. ఆ గుంపుల్లో చికిత్స మానేసినవారు చాలా తక్కువ. హెచ్‌ఐవీ ఉన్నవారిలో నూటికి 95 మందికి ఆ సంగతి తెలియాలి, తెలిసినవారిలో 95 శాతం మందులు వాడాలి, వాడేవారిలో 95 శాతానికి వైరస్ అదుపులో ఉండాలన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యం. 2023 నాటికే బోట్స్వానా, ఎస్వాటిని, రువాండా, టాంజానియా, జింబాబ్వే దానిని చేరుకున్నాయి. మన దేశంలో అప్పటికి తమకు హెచ్‌ఐవీ ఉందని తెలిసినవారు నూటికి సుమారు 80 మందే.

ఇందులో మన విశాఖ సిగ్గుపడవలసిన సంగతి ఒకటుంది. ఆఫ్రికాలో వాడే ఈ మందుల్లో ఎక్కువ భాగం భారతదేశంలో తయారైనవే. వాటిని తయారుచేసే లారస్ ల్యాబ్స్ మన పక్కనున్న పరవాడలోను, హెటెరో నక్కపల్లిలోను ఉన్నాయి. మన ఊరి మందు సముద్రం దాటి వెళ్లి ప్రాణాలు నిలుపుతోంది. మన వీధిలో ఉన్నవారు మాత్రం దానిని అల్మరాలో దాచి, ఎవరూ చూడకుండా మింగవలసి వస్తోంది!

తెలుగువారి మధ్య ప్రొటెస్టెంటు మిషనరీ సేవ మొదలైంది ఈ విశాఖలోనే, 1805లో. అంత చరిత్ర ఉన్న ఊరి సంఘాలు ఈనాడు ఏం చేయగలవు? మొదటిది, నోటిని కాచుకోవడం. 'ఫలానా సహోదరికి ఈ జబ్బు ఉంది, ప్రార్థించండి' అని పేరుపెట్టి చెప్పడం ప్రార్థన కాదు, బయటపెట్టడం. 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ చట్టం వారి రహస్యాన్ని కాపాడుతోంది. చట్టం కంటే ప్రేమ తక్కువ చేయకూడదు కదా! రెండవది, 'మందు కూడా దేవుని దానమే, దానిని మానవద్దు' అని వేదిక మీద నుంచి స్పష్టంగా చెప్పడం. మూడవది, తోడు. కోరుకున్నవారికి ఒక నమ్మకమైన మనిషి చాలు. బస్సు చార్జీ ఇవ్వడం, తేదీ గుర్తుచేయడం, కేంద్రం గేటు దాకా వెంట వెళ్లడం స్త్రీల సమాజానికి, యౌవనస్థులకు భారమేమీ కాదు. నాలుగవది, పరీక్ష. పెళ్లికి సిద్ధపడే యువతీ యువకులిద్దరూ బలవంతం లేకుండా, తామే ఇష్టపడి ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా పరీక్ష చేయించుకునేలా బోధించాలి. సందేహాలున్నవారు 1097కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

2025 జనవరిలో అమెరికా సాయం ఒక్కసారిగా నిలిచిపోయినప్పుడు, రోగుల ఇళ్లకు తిరిగే ఎందరో కార్యకర్తలు ఆఫ్రికాలో ఉద్యోగాలు కోల్పోయారు. జీతమిచ్చి నియమించినవారు జీతం ఆగితే వెళ్లిపోతారు. వారిని తప్పుపట్టలేము. కానీ కాపరి జీతగాడు కాడని మన ప్రభువు నేర్పాడు. ఆసుపత్రి జాబితాలో కనిపించకుండా పోయినవారు ఆదివారం మన బెంచీల మీద కనిపించవచ్చు. చాలాకాలం మందు మానేసి, సిగ్గుతో తిరిగి వచ్చినవారిని 'ఇన్నాళ్లు ఏమయ్యావు?' అని నిలదీయకండి. ఆ గొర్రెను కాపరి ఎలా తెచ్చాడో గుర్తుచేసుకోండి. గద్దింపుతో కాదు, భుజాల మీద!