చేతిలోని కెమెరా

స్మార్ట్‌ఫోను చేతిలో నుండగా వేరుగా కెమెరా కొనవలయునా యని మా యిరుగుపొరుగువారు తరచుగా నడుగుచున్నారు. మేము నాలుగేండ్లుగా ఫోనుతోడనే ఛాయాచిత్రములు తీయుచున్నాము. బడిపంతులుగారి జీతములో వేలకు వేలు పోసి కెమెరా కొనుటకు తావెక్కడిది? కావున మాకు దెలిసినంత విన్నవించెదము.

ఫోనులో వెలుతురును గ్రహించు పలక గోరంత. ఆ కొరతను దీర్చుకొనుటకై, మనము మీట నొక్కినది యొకమారే యైనను, ఫోను పెక్కు చిత్రములను వడిగా తీసి వానిని గలిపి యొక్కటిగా జేయును. అందువలన దీపపు వెలుగునను బొమ్మ వచ్చును గాని, అప్పుడు పరుగెత్తు పిల్లవాడు మసకబారును. దీనితో పెద్ద పనులును జరిగినవి. 2012లో అమెరికాలో శాండీ తుపాను వచ్చినపుడు టైం పత్రిక ముఖచిత్రముగా వేసినది ఫోనుతో దీసిన బొమ్మయే. 2015లో వెలువడిన టాంజెరీన్ అను చలనచిత్రమును ఐఫోనులతో దీసిరి. దూరపు పక్షులను, రంగస్థలముపై నాట్యమును దీయగోరువారికి మాత్రము కెమెరాయే శరణ్యము.

మన చేతులు వంటయింటి చేతులు గదా! ముందుగా కటకమునకంటిన జిడ్డును మెత్తని నూలుగుడ్డతో తుడువుడు. సగము మసక అందుతోనే పోవును. తెరను వ్రేళ్లతో సాగదీయకుడు; నడచి దగ్గరకు బొండు. ముఖమును దీయునపుడు మాత్రము మరీ చేరువకు బోయిన ముక్కు పెద్దదిగా గన్పట్టును. రెండడుగులు వెనుకకు జరుగుడు. తెల్లచీర వెలిసిపోవుచున్నచో, ముఖముపై వ్రేలు కొంతసేపు నొక్కి యుంచి, సూర్యుని గుర్తును జరిపి వెలుగు తగ్గింపుడు.

1892లో హైదరాబాదున రాజా దీన్ దయాళ్ గారు ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగా జనానా స్టూడియో తెరచిరి. నాడు స్త్రీ బొమ్మ తీయించుకొనుటకు అంత యేర్పాటు కావలసివచ్చెను. నేడు మేము పంచలో వత్తులు చేసికొనుచున్న మా యత్తగారిని, ఆమె తలయెత్తక ముందే తీసితిమి. చూపగా ఆమె, "ఎవరమ్మాయీ యీవిడ? నా మచ్చలేవీ?" అనిరి. చిన్ననాడు అమ్మవారు పోసిన మచ్చలవి. బొమ్మలో ముఖము తోమిన యిత్తడి చెంబువలె నుండెను! వెదకి చూడగా, చర్మమును నునుపు చేయు సౌకర్యము కొన్ననాటినుండియు పనిచేయుచునే యున్నది. రెండేండ్ల బొమ్మలన్నియు నట్లే చెడినవి. అవి యిక బాగుపడవు. మీ ఫోనులలో నది యెట్లున్నదో యీ పూటయే చూచుకొనుడు.

మరునాటి యుదయము దానిని తీసివేసి, కిటికీ ప్రక్కన ఆమెను గూర్చుండబెట్టి మరల తీసితిమి. అది కార్తికము. మాఘములో ఆమె పోయిరి.

పటము కట్టింప నెంచి ఆ బొమ్మను వాట్సాప్‌లో పంపగా, అంగడివాడు పెద్దది చేసిన మసకగా వచ్చునని చెప్పెను. అందులో మామూలుగా పంపిన బొమ్మ కుదించుకొనిపోవునట. డాక్యుమెంటుగా పంపిన పిదప 12 అంగుళముల వెడల్పు, 16 అంగుళముల పొడవున చక్కగా వచ్చినది. మా మరదిగారు వచ్చి, దాని యెదుట చాలసేపు నిలుచుండి, ఎడమ చెంపపై మచ్చలను వ్రేలితో దడవి చూచిరి. అన్నియు నున్నవి.